ఏడాదిని నరకకూడదు

"కెమెరా ముందు నుంచి లేచినారో, పది నిమిషాల్లో మీ గుమ్మంలో జీపు ఉంటుంది!"

ఫోన్ తెర మీది ఇన్‌స్పెక్టర్ తమిళంలో గద్దించేసరికి, లేవబోయిన అఖిలాండం మళ్ళీ కుర్చీలో కూలబడింది. పొద్దున తొమ్మిదికి మొదలైంది ఈ పీడ. ఆమె పేరున పోయిన పార్సిల్లో మత్తుమందు దొరికిందట! విచారణ ముగిసేదాకా ఇల్లే జైలట, ఫోన్ కట్ చేయకూడదట, ఎవరితోనూ సంగతి చెప్పకూడదట. ఇప్పుడు పదకొండయింది. గొంతు తడారిపోయింది. లేచి గుక్కెడు నీళ్ళు తాగే ధైర్యం లేదు. తలుపు గడియ కూడా వాడే వేయించాడు.

ఆమె ముఖానికి నల్లద్దాలు. కంటి ఆపరేషన్ అయి వారం కూడా కాలేదు. ఆ అద్దాల్లోంచి ఆమెకు కనిపిస్తున్నదల్లా ఒక ఖాకీ చొక్కా, టోపీ, మూతికి కట్టిన గుడ్డ.

తలుపు దబదబా మోగింది. పక్కింటి ధనం.

"అక్కా! నాలుగు దినాలకి పైపులో నీళ్ళు వచ్చినాయి. బిందె పెట్టకుండా ఏమి చేస్తా ఉండావు?"

"పంపించెయ్యండి," అన్నాడు తెర మీది మనిషి, గొంతు తగ్గించి.

"తల నొస్తా ఉంది ధనం. పండుకోని ఉండాను," అంది అఖిలాండం. ధనం చెప్పుల చప్పుడు దూరమైపోయింది. ఉన్న ఒక్క దిక్కునూ నోటితోనే తరిమేశానే అని ఆమెకు ఏడుపొచ్చింది.

"మీ బ్యాంకు డబ్బు మంచిదో కాదో పరీక్ష చెయ్యాలి. మొత్తం సర్కారు ఖాతాకి వెళ్ళి సాయంత్రం తిరిగొస్తుంది. ఫోన్‌కి ఆరంకెలు వస్తాయి, చదవండి. ముందు మీరు పుట్టిన తేదీ, సంవత్సరం?"

ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పి దాచుకున్నదంతా ఆ ఖాతాలోనే ఉంది. అది పోతే పిల్లా జెల్లా లేని మనిషి ఎవరి గడప తొక్కాలి? అయినా జైలు కన్నా నయమే అనుకుంది పిచ్చితల్లి.

"జూన్ పది... నైన్టీన్ సిక్స్టీ వన్."

"అలా కాదు. వన్ థౌజండ్ నైన్ హండ్రెడ్ అండ్ సిక్స్టీ వన్. ఏడాదిని రెండు ముక్కలుగా నరకకూడదు మేడమ్," అన్నాడు వాడు, తల ఎత్తకుండా రాసుకుంటూ.

టింగుమని ఫోన్‌లో ఆరంకెలూ వచ్చి కూర్చున్నాయి. అఖిలాండం వాటి వంక చూడలేదు.

నైన్టీన్ అనే కదా ఊరు ఊరంతా అనేది! భయంలో తనూ అలాగే నరికేసింది. వెయ్యితో మొదలుపెట్టి చివరిదాకా చెప్పాల్సిందేనని, ఏడాదిని నరకకూడదని పిల్లల ప్రాణాలు తీసిన మనిషి ఈ రాజపాళయం మొత్తానికి తనొక్కతే. తళవాయిపురం నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలు దారి పొడుగునా ఆ చాదస్తాన్ని తిట్టుకుంటూనే వల్లెవేసేవాళ్ళు. వాళ్ళలో చాలామందికి ఆమె పేరు కూడా తెలీదు. హిస్టరీ టీచర్, అంతే.

రెండు గంటలుగా పట్టుకున్న భయం ఎటు పోయిందో పోయింది. ఒళ్ళు మండిపోయింది ఆమెకు.

"చదవండి మేడమ్! టైమ్ అయిపోతా ఉంది!"

అఖిలాండం నల్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. నీళ్ళు కారుతున్న కళ్ళతోనే తెరలోకి ఉరిమి చూసింది. రిటైరైన ఐదేళ్ళలో ఒక్కసారి కూడా పనిపడని గొంతు ఇల్లదిరేలా లేచింది.

"స్టాండ్ అప్ ఆన్ ది బెంచ్!"

టోపీ ఎగిరి కిందపడింది. ఇన్‌స్పెక్టర్ చటుక్కున కుర్చీ ఎక్కి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఖాకీ చొక్కా కింద గళ్ళ లుంగీతో.