తువ్వాల కింద ధర

ఎద్దును పళ్లు చూసి, మనిషిని పాదాలు చూసి లెక్కగట్టే రకం మట్టయ్య. సూర్యాపేట అంగట్లో అతన్ని మించిన పశువుల బేరగాడు లేడు.

ఇప్పుడు అతని గడ్డివాములో ఉన్నవి మాత్రం పారిపోతూ నిజాం సిపాయిలు పడేసిపోయిన పాత తుపాకులు. పోలీసు చర్య ముగిసి నెల దాటింది. మిలిటరీవాళ్లు ఊరూరా సోదా చేస్తూ హుజూర్‌నగర్ దాకా వచ్చారు. ఈ పూట అమ్మకపోతే సరుకూ దక్కదు, మెడా దక్కదు.

మిర్యాలగూడ నుంచి వచ్చానన్న సైదయ్యను మట్టయ్య ఒక్క చూపులో తూచాడు. మొహం ఎండకు మాడింది. పాదాలు తెల్లగా, మెత్తగా ఉన్నాయి. కాళ్లకు జోడు విడవని ఆసామి. గట్టి గిరాకీ.

సైదయ్య ఒక తుపాకీ గొట్టంలోకి కన్ను పెట్టాడు.

"అంత తుప్పే."

"తుప్పు గాదు పటేలా, నూనె మరక."

"కట్టెకు చెదలు పట్టింది."

"నువ్వు కట్టెతోని కాలుస్తవా?"

"పొయ్యి ఊదేటందుకైతే పనికొస్తది. మా ఇంటామె లింగమ్మకు ఇస్త."

మట్టయ్యకు రోషం వచ్చింది. ముసలెద్దును కోడె అని అమ్మినప్పుడు కూడా అతని సరుకును ఎవరూ ఇంత మాట అనలేదు.

"కాలుస్తదో లేదో నిడమనూరు చంద్రయ్యను అడుగు పో!"

"అడుగుత. యాడుంటడు?"

"ఉంటే గద!" మట్టయ్య పగలబడి నవ్వాడు. "నా గడ్డివాములకు తొంగి చూసిండు. వాగు దాటకముందే ఒక్క దెబ్బకు పడ్డడు."

"ఎవరన్న సిపాయి కొట్టిండేమో."

"సిపాయా? మాల్ అమ్మేటోడు ముందుగాల పరీక్ష చేసుకోడా? నేనే కొట్టిన."

సైదయ్య తుపాకీని మెల్లగా కింద పెట్టాడు.

"గట్లయితే దీనికి ధర ఉన్నది మట్టయ్యా."

అంగట్లో పశువుల ధర పైకి చెప్పరు. పక్కవాడికి తెలియకుండా తువ్వాల కింద వేళ్లు పట్టి చెప్పుకుంటారు. పశువుకే అంత గుట్టయితే తుపాకీకి ఎంత ఉండాలి! మట్టయ్య అలవాటుగా చెయ్యి చాపాడు. సైదయ్య భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

వేళ్లు పట్టాల్సినవాడు మణికట్టు పట్టాడు. అంగడి పద్ధతి తెలియని అమాయకుడు అనుకుని మట్టయ్య లోలోపల ధర ఇంకాస్త పెంచాడు.

తువ్వాల తీసేసరికి, అతని చేతికీ సైదయ్య చేతికీ కలిపి పోలీసు బేడీలు పడి ఉన్నాయి.