జై తెలంగాణ అండీ

రైల్ రోకో రోజు గుంటూరు నుంచి వచ్చే రైలు కేసముద్రంలో ఆగిపోయింది.

దిగిన జనం సంచులతో రోడ్డు మీదికి వచ్చారు. అక్కడ ఎల్లస్వామి ఉన్నాడు.

మార్కెట్ యార్డులో పత్తి కాంటాలు వేసే ఎల్లస్వామి, ఉద్యమం మొదలైన నాటి నుంచి ఊళ్లో పెద్ద లీడరు. మైకు చేతికిస్తే అన్నం సంగతి మరిచిపోయే మనిషి. రెండు పత్తి ట్రాక్టర్లను రోడ్డుకు అటూ ఇటూ నిలబెట్టి, మధ్యలో వెదురు వాసం అడ్డంగా కట్టించాడు. "జై తెలంగాణ" అన్నవాళ్లను నడిచి పోనిస్తున్నాడు. బండ్లను మాత్రం కదలనివ్వడం లేదు.

పొడవాటి యువకుడొకడు ముందుకొచ్చాడు.

"అన్నయ్యా, ఒక్క ఆటోనైనా పోనివ్వండి. తెల్లారేసరికి నేను హైదరాబాద్‌లో ఉండాలండీ."

"ముందుగాల జై తెలంగాణ అను."

"జై తెలంగాణ అండీ!"

అంతా గొల్లున నవ్వారు.

"సినిమాలల్ల మన మాటను ఎక్కిరిస్తరు గదా. గిప్పుడు ఇనుర్రి వీళ్ల మాట!" అన్నాడు ఎల్లస్వామి. ఏళ్ల తరబడి కడుపులో ఉన్న మంట కాస్త చల్లారినట్టు అనిపించింది అతనికి.

"ఏడికెల్లి వస్తున్నవ్ తమ్మీ?"

"గుంటూరు నుంచండీ. మాది..."

మిగతా మాట ఈలల్లో కలిసిపోయింది.

"పట్నంల ఏం పని?"

"హైజంప్ సెలక్షనండీ. జూనియర్ల అంతర్జాతీయ పోటీలకి. రేపు తప్పితే మళ్లీ లేదు. వచ్చే ఏడాదికి నాకు వయసు దాటిపోతుంది."

"అన్ని చాన్సులు మీకేనా? మా పోరగాండ్లకు దుంకరాదా?"

యువకుడు ఏదో చెప్పబోతే జనం కేకలు అడ్డొచ్చాయి. ఆ రోడ్డు మీద తిరుగుతున్నది జెండా కట్టిన ఎల్లస్వామి మోటారు సైకిల్ ఒక్కటే. దాని వంక ఆశగా చూశాడు.

ఆ చూపుకి ఎల్లస్వామికి సరదా పుట్టింది. వాసాన్ని విప్పించి, తన తలకన్నా పైన కట్టించాడు.

"గిది దుంకు. దుంకినవంటే నా బండి మీద నేనే జనగామ దాటిస్త. ఆడికెల్లి బండ్లు దొరుకుతయ్. తెలంగాణ మీద ఒట్టు!"

తమాషా చూడటానికి జనమే ట్రాక్టర్ల మీది పత్తి బోరాలు దించి వాసానికి అవతల పరిచారు.

యువకుడు సంచి కింద పెట్టాడు. వెనక్కి వెళ్లి, వంపు తిరిగి పరుగెత్తుకొచ్చి, వాసానికి వీపు పెట్టి పైకి లేచాడు. మనిషి ఆకాశం చూస్తూ అడ్డు దాటడం కేసముద్రం ఎన్నడూ చూడలేదు. వాసానికి మడమైనా తగల్లేదు. బోరాల మీద పడి లేచి, దుమ్ము దులుపుకుని నవ్వాడు.

ఎల్లస్వామి మనసు కూడా గాల్లో తేలింది. బండి తాళం కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

"గుంటూరోణ్ని బండెక్కిచ్చుకుంటవా అన్నా? రేపు ఊరంత నవ్వుతది," చెవిలో అన్నాడు పక్కనున్న శ్రీపాల్.

జేబులో చెయ్యి జేబులోనే ఆగింది.

"తమాషాకు అన్న తమ్మీ. పట్టాలెంబడి నడిచి పో."

యువకుడు బండి పక్కన కాసేపు నిలబడ్డాడు, ఆ మాటే తమాషాకు అన్నాడేమోనని. తర్వాత సంచి భుజాన వేసుకుని పట్టాల వెంట వెళ్లిపోయాడు.

ఎల్లస్వామి ఆ సంగతి మరిచిపోయాడు.

ఎండలు ముదిరాక ఒకనాడు దీక్షా శిబిరంలో అతను మైకు పట్టుకున్నాడు. రెండో చేతిలో పేపరు.

"జూనియర్ల అంతర్జాతీయ పోటీలట! హైజంప్‌ల మన దేశపోడు మొదటి ఎత్తే దాటలేకపోయిండట. మన తెలంగాణోడు ఒక్కడన్న ఉన్నడా గా జట్టుల? మన పిల్లలకు కాళ్లు లేవా? ఉన్నయ్! తొవ్వ ఇచ్చెటోడే లేడు!"

చప్పట్లు మోగాయి. ముందు వరుసలో రోజూ వచ్చి కూర్చునే గుట్టకింది తండా తుల్సీబాయి మాత్రం కొట్టలేదు.

"మా మోతీ పోవాల్సుండె కొడుకా. నా బిడ్డ కొడుకు."

"మోతీ ఎవలవ్వా? నేనెన్నడు సూడలే."

"చిన్నగున్నప్పుడే అమ్మనాయినెంబడి మిర్చి ఏరవోయి గుంటూర్లనే పెరిగిండు. ఇంట్ల లంబాడీ మాట, బడిల గుంటూరు మాట. మా జిల్లా తరఫున దుంకు, అన్ని మేమే సూసుకుంటమని గుంటూరోళ్లు అన్నరట. ఇనలే. దుంకితే మా వరంగల్ పేరు మీదనే దుంకుత అన్నడు."

ఎల్లస్వామి మైకు కిందికి దించాడు.

"మరి... ఎందుకు పోలే?"

"సెలక్షనుకు పోతుంటే రైల్ రోకోల రైలాగింది. ఎవల్ని ఏమంట? గా దినం నేను గూడ మానుకోటల పట్టాల మీదనే కూసున్న. గీడ ఒకాయన బండి మీద దింపుతనన్నడట. ఒట్టు గూడ పెట్టిండట. మల్ల ఏం అక్కెర పడ్డదో ఏమో పాపం. వీడు నడిచి పోయేసరికి అంత అయిపోయింది. గిప్పుడు గుంటూర్లనే మిర్చి కల్లంల పనిజేస్తుండు."

శ్రీపాల్ తల దించుకున్నాడు.

కొత్త మొహం కనిపిస్తే "ఎవలి పిలగానివి బిడ్డా?" అని అడగనిదే వదలని నోరు ఎల్లస్వామిది. ఆ ఒక్కరోజే "ఏడికెల్లి వస్తున్నవ్?" అని అడిగింది. సిగ్గుతో, బాధతో అతనికి కళ్లు మండాయి. ఏదో ఒకటి అనాలని మైకు నోటి దాకా తెచ్చుకుని, మళ్లీ కింద పెట్టేశాడు.

ఈలల్లో కలిసిపోయిన ఆ సగం మాట ఇన్నాళ్లకు పూర్తిగా వినిపించింది: "మాది గుట్టకింది తండా అండీ."