ఏమీ చెరగకూడదు

"ఏమీ చెరగకూడదు, బాస్."

వచ్చి నిలబడినప్పటినుంచీ ఆ మనిషిది ఇదే పాట.

ఘనా దేశంలోని కుమాసీ నగరంలో అడుమ్ బజారు మిట్టమధ్యాహ్నం కిటకిటలాడుతోంది. డాంక్వా కొట్టంటే పెద్ద కొట్టేం కాదు. ఒక గొడుగు, ఒక బల్ల, బల్ల మీద పాత ల్యాప్‌టాప్. చచ్చిన ఫోన్లను లేపడంలో మాత్రం ఆ వరసలో అతని తర్వాతే ఎవరైనా.

డాంక్వా ఫోన్ తిప్పి చూశాడు. అద్దం పగిలింది. ఆన్ చేస్తే కంపెనీ పేరు దగ్గరే ఆగిపోతోంది. సిమ్ లేదు.

"సాఫ్ట్‌వేర్ పోయింది. మళ్లీ ఎక్కించాలి. రేపు రా."

"రేపటికి దీంతో పనిలేదు. సాయంత్రం లోపలే కావాలి."

"అంత తొందరేంటి? ఎవరిది?"

"తెలిసిన కుర్రాడిది."

"పేరు?"

ఆ మనిషి నేల చూపులు చూశాడు. దేశానికి ఉత్తరాది మనిషి, చెంప మీద అక్కడి తెగల గుర్తుగా పెట్టే గాటుంది. యాభై దాటి ఉంటాయి. చొక్కా శుభ్రంగానే ఉంది గానీ, కళ్లు నిద్రలేక వాచిపోయి ఉన్నాయి.

"పేరు తెలీదు" అన్నాడు చివరికి.

తెలిసిన కుర్రాడట, పేరు తెలీదట. డాంక్వాకి ఒళ్లు మండింది.

"మరి లోపల నీకేం కావాలి?"

"పేర్లు, నంబర్లు. ఫొటోలుంటే ఫొటోలు కూడా."

ఫొటోలు అనగానే డాంక్వాకి చెల్లెలు గుర్తొచ్చింది. కిందటేడు ఎవడో ఆమె ఫోన్ కొట్టేసి, అందులో ఫొటోలు పెట్టి బెదిరించి, ఇంటిల్లిపాదినీ ఏడిపించాడు. పిల్ల కాలేజీ మానేసింది. ఇప్పటికీ ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుంది. ఆ ఫోన్ కూడా ఇలాంటి బల్ల మీదే ఎవడో తెరిచిచ్చి ఉంటాడు. వాడు దొరికితే పచ్చిగా నమిలేద్దామన్నంత కసి డాంక్వాకి.

మామూలు దొంగైతే అంతా చెరిపెయ్యమంటాడు, అమ్ముకుని పోతాడు. ఏమీ చెరగకూడదంటున్నాడంటే వీడు ముదురు.

దొంగ అని ఒక్క కేక వేస్తే బజారంతా మీద పడి చితక్కొడుతుంది. ఆ రక్తం డాంక్వా ఇంతకుముందు చూశాడు, మళ్లీ చూడాలని లేదు. కేకకన్నా మంచి ఉపాయం తోచింది.

"కూర్చో పెద్దాయనా. ఇప్పుడే చేసిస్తా."

ల్యాప్‌టాప్‌లో ఆ మోడల్ ఫైలు వెతికి తెరిచాడు. తెర మీద రెండు దారులున్నాయి. ఒకటి, లోపలున్నవి ముట్టుకోకుండా సాఫ్ట్‌వేర్ మాత్రం ఎక్కించేది. రెండోది, మొత్తం తుడిచేసి ఎక్కించేది.

డాంక్వా రెండోది ఎంచుకుని, తెరని తనవైపు తిప్పుకున్నాడు.

"వైరు లూజుగా ఉంది. ఇదిగో, ఇక్కడ పట్టుకో. మధ్యలో కదిలిందంటే ఇంక ఫోన్ లేవదు."

ఆ మనిషి రెండు చేతులతో పట్టుకున్నాడు.

ల్యాప్‌టాప్ టింగుమంది. తెర మీద గీత మెల్లగా నిండసాగింది.

అంతలో కరెంటు పోయింది. బజారంతా ఉసూరుమంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ చూస్తే ముసలిది, ఎంతసేపు ఆగుతుందో దేవుడికే తెలియాలి.

"ఆగిపోతుందా, బాస్?"

"నువ్వు కదలకు."

కదల్లేదు. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. ముక్కు మీద ఈగ వాలినా తోలుకోలేదు. పెదాలు మాత్రం ఏదో గొణుగుతున్నాయి. ప్రార్థనలాగుంది.

డాంక్వా మనసు ఒక్క క్షణం పీకింది. కానీ ఇప్పుడు ఆపినా లాభం లేదు. తుడిచెయ్యడం మొదట్లోనే అయిపోయింది.

"ఏమీ చెరగదు కదా?"

"చెరగదు."

అంత అబద్ధం ఆడినా అతని నోరు తడబడలేదు.

పచ్చ గుర్తు పడింది. ఫోన్ లేచింది. పగిలిన అద్దం వెనక రంగులు విచ్చుకున్నాయి. కొత్త ఫోన్ అడిగినట్టే, ఏ భాష కావాలని అడిగింది.

ఆ మనిషి మొహం వెలిగిపోయింది. "పేర్లెక్కడుంటాయి, బాస్?"

"పేర్లూ లేవు, ఫొటోలూ లేవు. అన్నీ పోయాయి. నీ ఆటలు ఇంకెక్కడైనా ఆడుకో."

మీదికొస్తాడేమోనని డాంక్వా స్క్రూడ్రైవర్ అందుకున్నాడు కూడా.

ఆ మనిషి మీదికి రాలేదు, తిట్టలేదు. ఆ ఖాళీ తెర వంక చూస్తూ ఉండిపోయాడు.

"వాడికి మిగిలింది ఇదొక్కటే" అన్నాడు. ఫోన్ జేబులో వేసుకుని జనంలోకి నడిచాడు.

డాంక్వా గుండె తేలికైంది. ఎవరి పరువో నిలబెట్టానని, ఇంటికెళ్లి చెల్లెలికి చెప్పాలని అనుకున్నాడు.

పక్క బల్ల మీద ఫోన్ కవర్లు అమ్మే సెర్వా, మధ్యాహ్నం తిండికి మొక్కజొన్న కెంకే పొట్లం పట్టుకుని అప్పుడే వచ్చింది. వెళ్లిపోతున్న మనిషిని మెడ సాచి చూసింది.

"ఆ వెళ్లేది అటాంగా కదూ? పని చేసిపెట్టావా తమ్ముడూ?"

"ఆ దొంగ నీకెలా తెలుసు?"

"దొంగేంటి, నీ నోరు పడ. ఆయనే లేకపోతే మా ఆయన ఆఖరిచూపు నాకు దక్కేది కాదు."

డాంక్వాకి అర్థం కాలేదు.

"మరి ఆ ఫోన్ సంగతేంటో ఆయన నాతో చెప్పొచ్చుగా?"

"చెబితే ముట్టుకునేవాడివా? నువ్వే కాదు, ఈ బజార్లో ఒక్కడూ ముట్టుకోడు."

డాంక్వా లేచి నిలబడి జనంలోకి చూశాడు. ఆ మనిషి ఎక్కడా కనిపించలేదు.

"పెద్దాసుపత్రి శవాల గదిలో పనిచేస్తాడాయన" అంది సెర్వా పొట్లం విప్పుతూ, "ఎవరూ రాని శవాలన్నిటినీ సాయంత్రం ఒకే గోతిలో పూడ్చేసేలోపు, ఒక్కళ్లకైనా అయినవాళ్లు దొరుకుతారేమోనని వాళ్ల ఫోన్లు పట్టుకుని ఇలా ఊరంతా తిరుగుతుంటాడు."