పాట పెంచినవాడు

"మళ్ళీ పెంచాడా ఆ ముసలి రాబందు?"

కోర్టు కచేరీలో గుమస్తా కిటికీ దగ్గర వెర్లీన్ గొంతు ఖంగుమంది.

"పెంచాడత్తా. ఇంకో పది రోజులు గడువు," అంది గుమస్తా డెల్ఫీన్.

నార్త్ కరోలినాలో అప్పుతో ఇల్లు కొంటే, అప్పు తీరేదాకా దాని హక్కు ట్రస్టీ అనే మూడో మనిషి చేతిలో ఉంటుంది. వాయిదాలు తప్పితే ఆయన కచేరీ గుమ్మంలో నిలబడి వేలం పాట పెడతాడు. ఆ తర్వాత పది రోజుల్లో ఎవరైనా ధరావతు కట్టి ధర పెంచితే, గడువు మళ్ళీ మొదలు. గడువు లోపల అప్పు తీరిస్తే ఇల్లు దక్కుతుంది. అప్పూ తీరక, ఎవరూ పెంచకపోతే ఇల్లు పాడుకున్నవాడిదే.

భర్త రాస్కో పోయాక వెర్లీన్ ఐదు వాయిదాలు తప్పింది. అతని ఇన్సూరెన్సు డబ్బు వస్తే అప్పంతా తీరిపోతుంది. అదేమో రేపు మాపు అంటోంది.

ఇల్లు ఒక వ్యాపారి పాడుకున్నాడు. సరిగ్గా పదో రోజున ఎవరో ముసలాయన వచ్చి ధర పెంచాడు. వ్యాపారి ఊరుకుంటాడా? అతనూ పెంచాడు. మళ్ళీ పదో రోజున ముసలాయన.

ఇవాళ ఆ మనిషి అక్కడే బల్ల మీద, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, నీకు ఇల్లూ వాకిలీ లేవా?" అని మీదికి వెళ్ళింది వెర్లీన్.

"లేవమ్మా."

"అందుకని మొగుడు పోయినదాని కొంప మీద పడ్డావా?"

ముసలాయన టోపీ అంచు నలిపాడు.

"ఇన్సూరెన్సు ఉత్తరం వచ్చిందా అమ్మా?"

"వస్తే నీ నోట్లో మట్టే!"

"రానీ అమ్మా," అన్నాడు.

ఎనిమిదో రోజున ఉత్తరం వచ్చింది, చెక్కుతో సహా. వెర్లీన్ అప్పంతా తీర్చి, ట్రస్టీ చేత ఇల్లు విడుదల చేయించుకుంది. మర్నాడు చిలగడదుంపతో 'పై' అనే తీపి వంటకం చేసుకుని కచేరీకి వచ్చింది.

"ఇది నీకే పిల్లా. ఆ రాబందుకి మాత్రం ముక్క కూడా పెట్టకు."

"ఆయన పొద్దున్నే వచ్చి ధరావతు వెనక్కి తీసుకున్నాడత్తా. నీ అప్పు తీరిందంటే ఎంత నవ్వాడో!"

"నవ్వాడా? ఇల్లు చెయ్యిజారితే ఏడవాలి గానీ!"

"కొనడానికి ఆయన దగ్గరేముంది? ఆ ధరావతే ఆయన ఆస్తంతా. వ్యాపారి పోటీకి రాక, నీ చెక్కూ రాకపోయుంటే ఇల్లు ఆయన మెడకే చుట్టుకునేది. ధరావతూ మునిగేది."

"మరెందుకు పెంచాడే?"

"నీకు పది రోజులు దొరుకుతాయని."

వెర్లీన్‌కి తన నోటి మీద తనకే రోత పుట్టింది.

"ఎక్కడున్నాడాయన? చెప్పు, వెళ్ళి కాళ్ళ మీద పడతాను."

"బస్సెక్కేశాడత్తా. పక్క కౌంటీలో ఇంకెవరిదో ఇల్లు పాటకొచ్చిందట."

"అసలు ఎవరే ఆయన?"

డెల్ఫీన్ పాత రిజిస్టరు తెరిచి ఒక పేరు మీద వేలు పెట్టింది. థర్మన్ స్పీట్.

"ఆరేళ్ళ కిందట ఆయన ఇల్లూ ఈ గుమ్మంలోనే పాటలో పోయిందత్తా. అప్పు డబ్బు మొత్తం చేతిలో పట్టుకునే ఈ కిటికీ దగ్గరికొచ్చాడు, పదకొండో రోజున."