చేపపిల్లకి ఈత

"నీకెందుకమ్మా ఈత? చేపపిల్లకి ఎవరన్నా ఈత నేర్పుతారా?" అన్నారు డ్రిల్లు మాస్టారు భానుప్రకాష్. క్లాసంతా గొల్లున నవ్వింది.

ఏడో తరగతి సాయిదుర్గ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. నాగాయలంక రేవు పక్కన పల్లెపాలెం వాళ్లది. నాన్న బాబూరావు సముద్రం మీద వేటకి వెళ్లే మనిషి. అలాంటి ఇంటి పిల్ల ఈత క్లాసు అడగడమంటే, భోంచేసి చెయ్యి కడుక్కున్నవాడు మళ్లీ పంక్తిలో వచ్చి కూర్చున్నట్టే అనిపించింది అందరికీ.

ఆరు నుంచి ఎనిమిది దాకా చదివే పిల్లలకి ఆ శనివారం నుంచే మధ్యాహ్నం పూట ఇష్టమైన క్లాసులు మొదలు. కంప్యూటరు, కూచిపూడి, కుట్లు, చిలకలపూడి నుంచి వచ్చినాయన నేర్పే రోల్డుగోల్డు గొలుసుల పని, కృష్ణలో ఈత. ఎవరికి కావలసింది వాళ్లు ఎంచుకోవచ్చు. ఇష్టమేమిటని పిల్లల్ని ఎవరైనా అడగడమే కొత్త కదా, పొద్దుటినుంచీ బడి బడంతా పెళ్లివారి విడిదిలా ఉంది. అయితే ఈతకి వచ్చినవి పది ట్యూబులే. తొమ్మిది అప్పుడే పంచేశారు.

పదోది నాకివ్వండి సార్ అంది సాయిదుర్గ. మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"అది ఒకరికోసం అట్టేపెట్టాను. బొత్తిగా ఈత రాదు. నీళ్లంటేనే వణుకు. నువ్వు కంప్యూటర్లో చేరు."

నాకూ రాదు సార్ అనే మాట ఆ పిల్ల నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. వాళ్ల పాలెంలో మగపిల్లలు మాటలు సరిగ్గా రాకముందే పడవ మీంచి నీళ్లలోకి దూకేస్తారు. ఆడపిల్ల పడవ తొక్కితే గంగమ్మకి కోపమొస్తుందని నాయనమ్మ వెంకటరత్నమ్మ గుమ్మంలోనే కాపలా కాస్తుంది. సాయిదుర్గకి తెలిసిన నీళ్లన్నీ చేపలు కడిగే గంగాళంలోవి. ఒక్కసారైనా ఆ ఏట్లో వెల్లకిలా తేలి ఆకాశం చూడాలని ఎన్నాళ్లనుంచో ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ఆ సంగతి ఇంతమందిలో చెబితే పాలెం పరువేం కాను?

మధ్యాహ్నం గంట కొట్టగానే కంప్యూటరు గదికి వెళ్లాల్సిన కాళ్లు ఏటి ఘాటు వైపు పరుగెత్తాయి. ఆ ట్యూబు ఎవరిదో కనుక్కోందే ఆమెకి నిద్ర పట్టేలా లేదు. మాస్టారు మెచ్చుకునే హరిచందనకే అయ్యుంటుందని దారి పొడుగునా పళ్లు నూరింది. తీరా చూస్తే హరిచందన కాళ్లకి గజ్జెలు కట్టుకుని కూచిపూడి గదిలోకి వెళ్తోంది. ఉత్తపుణ్యాన తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

ఘాటు మెట్ల ముందు వెదుళ్లు పాతి తాళ్లు కట్టారు. ట్యూబులు తగిలించుకుని తొమ్మిదిమందీ ఎప్పుడెప్పుడు దిగుదామా అని గంతులేస్తున్నారు. నేర్పడానికి బందరు నుంచి వచ్చిన రాజకుమారి మేడమ్ మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది. మాస్టారు మాత్రం పై మెట్టు మీద, మిగిలిన ట్యూబుని చంకలో ఇరికించుకుని నిలబడ్డారు.

పదోదానివి నువ్వేనా అని మేడమ్ సాయిదుర్గని అడిగింది.

"కాదు మేడమ్, ఈ అమ్మాయిది పల్లెపాలెం. కావాలంటే మనకే నేర్పుతుంది," అన్నారు మాస్టారు.

అయితే మరీ మంచిదంది మేడమ్. ఒక్కసారి దూకి చూపిస్తే వీళ్ల భయం పోతుందంది. తొమ్మిదిమందీ చప్పట్లు మొదలుపెట్టారు.

సాయిదుర్గ ఒక్కో మెట్టే దిగింది. నీళ్లు పాదాలకి తగిలేసరికి ఒళ్లంతా ఝల్లుమంది. భయమూ అదే, సంతోషమూ అదే. దూకితే ప్రాణం పోతుంది, దూకకపోతే పరువు పోతుంది. పరువు పోయినా పిల్ల బతికుంటే మళ్లీ తెచ్చుకోవచ్చు. ఆమె వెనక్కి తిరిగింది.

"నాకు ఈత రాదండీ."

చప్పట్లు ఆగిపోయాయి.

"పల్లెపాలెం పిల్లనే. కానీ రాదండీ. మా ఇంట్లో నన్ను నీళ్లలోకి దిగనివ్వరు. నాకేమో నేర్చుకోవాలని చాలా ఉంది."

నవ్వుతారని తల దించుకుంది. ఎవరూ నవ్వలేదు. పైగా ట్యూబుల గుంపులోంచి ఎవరో, నాకూ రాదులేవే అన్నారు. మేడమ్ గబగబా మెట్లెక్కి వచ్చి ఆ పిల్ల భుజం తట్టింది. రాదని నోరు విప్పి చెప్పినవాళ్లకే తను త్వరగా నేర్పగలనంది. మాస్టారి వైపు తిరిగి ఆ ట్యూబు ఇలా ఇమ్మంది.

మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ట్యూబుని ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

"అట్టేపెట్టానండీ, ఒకరికోసం..."

"ఎవరికోసమండీ? గంట కొట్టి ఎంతసేపైంది, ఇంకా రాలేదుగా. పోనీ ఆ పిల్లని పిలిపించండి, నేనే నచ్చజెప్తాను."

మాస్టారు ఏటి వైపు చూశారు. పిల్లల వైపు చూశారు. చివరికి కిందికి దిగి వచ్చి ట్యూబుని సాయిదుర్గ మెడలో వేసి, మేడమ్‌కి మాత్రమే వినపడేలా గొణిగారు.

"పిలవక్కర్లేదు మేడమ్... అది నాకోసమే దాచుకున్నాను."