మొదటి పచ్చరాయి

అరాహురా నదిలో మొదటిసారి దొరికిన పచ్చరాయిని ఎవరూ ఉంచుకోరు, ఇంకొకరికి ఇచ్చేస్తారు. రాహెరా మాత్రం తనకు దొరికినదాన్ని గుట్టుచప్పుడు కాకుండా తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టుకుంది. కొండల్ని నిలువునా చీల్చిన భూమి పగులు అడుగున ఉడికి, నలిగి, ఎన్నో యుగాల కిందటే చల్లారిన రాయి అది. రాత్రి పడుకోబోతూ తాకితే ఒక పక్క వెచ్చగా తగిలింది.

భయపడి టిపెనె మామకు ఫోన్ చేసింది.

"ఏ పక్క వేడి?" అన్నాడాయన.

"నా వైపు."

"బల్లకు అటు పక్కకెళ్లి చూడు."

వెళ్లింది. ఇప్పుడు ఇటు పక్క కాలుతోంది. ఇందాకటి పక్క మంచుముక్కలా ఉంది.

"మామా, నేనెటుంటే అటే వేడెక్కుతోంది!"

"ఏమే తిక్కదానా, మొదటిది దాచుకున్నావా? నాకిచ్చేశానని గట్టిగా అను. పొద్దున్నే వచ్చి పట్టుకుపోతా."

"నీకిచ్చేశాను మామా."

ఆమె అరచేతి కింద రాయి చల్లబడింది. "చల్లారిపోయింది!" అంది, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో.

మామ ఇల్లు నలభై కిలోమీటర్ల అవతల, అదే పగులు మీద ఉంది.

"అమ్మాయ్," అన్నాడు మామ, "పొయ్యి ఆర్పేసి గంటయింది. మా ఇంట్లో నేల ఎందుకిలా కాలుతోంది?"