ముల్లు నూట పది మీద

అలా కాదమ్మడూ, ఏడ్చిందని రాయకు. మీ అత్త పుష్పలత ఏడవలేదు. చేపల వేను తలుపుకి అడ్డంగా నిలబడింది, అంతే. ఫారూఖ్ చేతిలో కంప్యూటరు వైరు ఉంది. అది స్టీరింగు కింద గుచ్చాలంటే మీ అత్త పక్కకి తప్పుకోవాలి.

"తప్పుకోవే. నలుగురూ చూస్తన్నారు," అన్నాడు మీ మావయ్య వీర్రాజు.

"చూడనివ్వండి. రేపు మిమ్మల్ని రోడ్డు మీద చూసేకంటే ఇదే నయం."

వట్లూరు రోడ్డులో మెకానిక్ ఫారూఖ్ రేకుల షెడ్డు అది. కొత్త డీజిలు బళ్ళకి ఇంజనుతో పాటే ఒక కంప్యూటరు పెట్టి పంపుతన్నారు కదా, వీర్రాజు వేనుకీ అది ఉంది. ఎంత తొక్కినా ఎనభై దాటనివ్వదు. ఆ కట్టు విప్పించుకుందామని వచ్చాడు. కొల్లేట్లో గవర్నమెంటోళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేశాక చేప తగ్గింది, వేన్లు తగ్గలేదు. తాడేపల్లిగూడెం మార్కెట్టుకి ముందు చేరినోడి చేపనే చేప అంటారు. ఎజ్రా వేను రోజూ ముందు చేరతంది. ఎజ్రా ముందు బయల్దేరతాడన్న సంగతి మాత్రం మీ మావయ్య ఒప్పుకోడు. మా బండికి స్పీడు లేదంటాడు. ఆయన తొక్కుడు మీ అత్తకి తెలుసు. ఆ ఎనభై అడ్డం తీసేస్తే మనిషి ఇంటికి రాడని ఆవిడ భయం.

"వచ్చేవాళ్ళందరూ ఇదే చేయించుకుంటారక్కా," అన్నాడు ఫారూఖ్. గొంతులో ఏమీ లేదు. కండక్టరు టిక్కెట్టు చింపి ఇస్తా మాట్లాడినట్టు మాట్లాడాడు.

అప్పుడు మీ అత్త అనకూడని మాట అంది. "మీ తమ్ముడు రిజ్వాన్ పోయింది నువ్వు స్పీడు పెంచిన బండిలోనే కదయ్యా. ఇంకా బుద్ధి రాలేదా?"

వీర్రాజు తల దించేసుకున్నాడు. ఫారూఖ్ మాత్రం వైరుకి పడ్డ ముడి విప్పుకుంటానే ఉన్నాడు.

"అవునక్కా. అందులోనే," అన్నాడు.

ఆ అన్న తీరుకి మీ అత్త చెయ్యి తలుపు మీంచి దానంతట అదే జారిపోయింది. తప్పుకుంది.

ఫారూఖ్ వైరు గుచ్చి, తన లాప్‌టాప్‌ని బానెట్టు మీద పెట్టాడు. బండి బుద్ధంతా అందులోకి దిగింది. తెర నిండా వరసలు వరసలుగా అంకెలు, మధ్య మధ్యలో ఏ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలు. ఆ అక్షరాలు కూడా అంకెలేనంట. ఏది దేని తాలూకో ఎక్కడా రాసుండదు, వెతుక్కోవాలి. ఫారూఖ్ వెతకలేదు. కరెంటు పోయినప్పుడు మనం మనింట్లో నడుస్తామే, అలా తిన్నగా వెళ్ళి ఒక అంకె మార్చాడు.

"ఆ ఎనభై కట్టు ఇదేనండి. నూట పది దాకా వదిలాను. చాలా అండీ?"

చాలు చాలన్నాడు వీర్రాజు. ఇంకో చోట ఇంకో అంకె మార్చి, అది పెడలు సంగతనీ, ఇక మీదట కాలు ఆనిస్తే చాలు దూకుతదనీ చెప్పాడు. వీర్రాజు ముఖం వెలిగిపోయింది. తర్వాత ఫారూఖ్ ఆ వరసల్లో కిందకి, ఎక్కడో అడుక్కి వెళ్ళి ఆగాడు. అక్కడ ఉన్న ఒక్క అంకె వంకే చాలాసేపు చూస్తా కూర్చున్నాడు.

"అదేంటి?" అంది మీ అత్త.

"టైరు చుట్టు కొలతక్కా. చక్రం ఒకసారి తిరిగితే బండి ఎంత దూరం నడిచిందో, ఎంత స్పీడులో ఉందో, మీటరైనా ఇంజనైనా దీన్నిబట్టే లెక్కేస్తది."

"మేం టైర్లు మార్చట్లేదుగా."

"మార్చట్లేదు," అన్నాడు. అని ఆ అంకె పెంచాడు.

చివర్న ఆ అంకెలన్నిటి కూడిక సరిపోకపోతే ఇంజను ఒప్పుకోదంట. అది కూడా సరిచేసి, తిరిగి బండిలోకి ఎక్కించి వైరు పీకేశాడు. పక్కనున్న టీ గ్లాసులో మీగడ అట్ట కట్టింది. తాగలేదు.

మీ అత్తని ఇంటికెళ్ళమన్నాడు వీర్రాజు. పోతే ఇద్దరం పోదామని వేను ఎక్కేసింది. ఎక్కుతా, "నీ చేతులు పడిపోను," అంది, అతనికి వినబడేలాగే.

"వెళ్ళి రండక్కా," అన్నాడు ఫారూఖ్.

హైవే ఎక్కారు. కాలు ఆనిందో లేదో వేను ముందుకి దూకింది. మీటరు ముల్లు ఎనభై దాటింది. తొంభై. నూరు. వీర్రాజు ఈల వేశాడు. ఎజ్రాగాణ్ణి ఇప్పుడు రమ్మను చూద్దాం అంటన్నాడు. మీ అత్త కళ్ళు మూసుకుని సీటు రాడ్డు పట్టుకుంది. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఎవరు తలుపు తీస్తారా అని అదే ఆలోచన.

ఉంగుటూరు దగ్గరికొచ్చేసరికి ముల్లు నూట పది మీద నిలబడింది. అప్పుడు వెనక నుంచి హారను వినబడింది. మీ అత్త కళ్ళు తెరిచింది.

ఏలూరు నుంచి గూడెం వెళ్ళే పల్లె వెలుగు బస్సు. ఆ బస్సు అరవై దాటగా ఎవరూ చూసెరగరు. కిటికీ పక్కన ఒక ముసలావిడ తీరిగ్గా బత్తాయి వలుచుకుంటంది. తొక్క ఒకటి బయటికి వేసింది. బస్సు అలా నెమ్మదిగా వేనుని దాటుకుని ముందుకెళ్ళిపోయింది.

వీర్రాజు మీటరు చూశాడు. నూట పది. బస్సు వంక చూశాడు.

"చూశావా పుష్పా, ఆ డ్రైవరుకి పిచ్చెక్కింది. నూట ఇరవై మీద పోతన్నాడు. లోపల పెద్దవాళ్ళున్నారనైనా లేదు."

మీ అత్త ఆ ముల్లు వంక చూస్తానే ఉండిపోయింది. రాడ్డు మీంచి చెయ్యి తీసేసింది.

"పోనీండి. మీరు మాత్రం ఇంతకంటే తొక్కకండి," అంది.

ఆ రోజు ఆవిడన్న మాటలు రెండూ, తమ్ముడి మాటా చేతుల మాటా, వెనక్కి తీసుకోకుండా ఆ అబ్బాయి దగ్గరే ఉండిపోయాయమ్మడూ. ఏలూరు వెళ్ళినప్పుడు ఇది ఫారూఖ్‌కి చదివి వినిపించు. మీ మావయ్య పక్కన లేకుండా చూసుకో. ఆయన ఇంకా నూట పది మీదే తిరుగుతన్నాడు.